సేబన్ తర్వాత అలబామా కోచ్ ఎవరు?

ప్రశ్న: నిన్న, 2024 జనవరి 10న, అలబామా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యారు. ఇక్కడ 17 సీజన్లు, 6 జాతీయ టైటిళ్లు. టస్కలూసా స్టేడియం బయట ఆయన విగ్రహం పాదాల దగ్గర అభిమానులు ఆయనకిష్టమైన ఓట్‌మీల్ క్రీమ్ పైలు పెట్టి వెళ్తున్నారు. చూసి గొంతు పూడుకుపోయింది. ఆ స్థానంలోకి ఎవరొస్తారు? నా మనసంతా ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్ డాన్ లానింగ్ మీదే ఉంది.

జవాబు: ఒరెగాన్ వదలనని లానింగ్ ఈరోజే చెప్పేశారు. టెక్సస్ యూనివర్సిటీ కోచ్ స్టీవ్ సార్కీసియన్ ఆ జట్టును ఇప్పుడే నిలబెట్టారు, రారు.

జవాబు: క్లెమ్సన్ యూనివర్సిటీ కోచ్ డాబో స్వినీ 1992లో జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో ఇక్కడే ఆడారు. అయినా వేరే కాలేజీల నుంచి బదిలీపై వచ్చే ఆటగాళ్లంటే ఆయనకు గిట్టదు, నాకు నమ్మకం లేదు.

ప్రశ్న అడిగినవారు: అయితే కేలెన్ డిబోర్! తాను కోచ్‌గా ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టును 14 వరుస విజయాలతో జాతీయ ఫైనల్‌కు చేర్చారు. మిషిగన్ చేతిలో 34-13తో ఓడినా ఆయనే కావాలి. దక్షిణాది కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లను మన జట్టుకు పంపమని తల్లులను ఒప్పించగలరా అన్నదొక్కటే నా దిగులు.