అప్రైజల్‌కి "స్టూడెంట్ గ్రోత్ గోల్" రాయమంటున్నారు, ఎలా రాయాలి?

లెక్కల మిస్, కేఆర్ పురం

అందరికీ నమస్తే. బెంగళూరులో ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. ఈ ఏడాది నుంచి మా మేనేజ్‌మెంట్ అప్రైజల్ ఫారంలో కొత్త కాలమ్ ఒకటి పెట్టింది. ఏడాది చివరికి మన పిల్లలు ఎంత ఎదుగుతారో ప్రతి టీచరూ ఇప్పుడే అంకెల్లో రాసివ్వాలి, మార్చిలో దాన్ని బట్టే ఇంక్రిమెంట్. కోఆర్డినేటర్ మేడమ్ నమూనాగా ఇచ్చిన వాక్యం ఇది: "85 శాతం మంది విద్యార్థులు 80 శాతానికి పైగా మార్కులు సాధిస్తారు."

నా క్లాసులో 38 మంది. జూన్‌లో పెట్టిన టెస్టులో ఒక పాప 2/3 + 1/4 కి 3/7 అని రాసింది, పైవి పైవీ కిందివి కిందివీ కూడేసి. పక్క బెంచీలో అబ్బాయి ఒలింపియాడ్ కోచింగ్‌కి వెళ్తున్నాడు, వాడికి నేను చెప్పకపోయినా 95 వస్తాయి. ఇద్దరికీ 80 అని ఒకే గీత గీస్తే నేను ఏడాదంతా ఏం చేసినట్టు? పోనీ తక్కువ టార్గెట్ రాద్దామంటే ఆశయం లేదంటారు, ఎక్కువ రాస్తే ఇంక్రిమెంట్ పోతుంది. శుక్రవారం లోపు ఇవ్వాలట, టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి రాసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

రిటైర్డ్ హెచ్ఎం, జయనగర్

అమ్మా, మీ కోఆర్డినేటర్ ఇచ్చిన వాక్యంలో ఎదుగుదల ఎక్కడా లేదు. అందులో ఉన్నది చివర ఎక్కడ నిలబడాలన్న మాట ఒక్కటే, ఎక్కడి నుంచి బయలుదేరారో లేదు. 95 తో వచ్చిన అబ్బాయి 90 కి పడిపోయినా ఆ లెక్కలో మీరు పాసే, 20 తో వచ్చిన పాప 60 కి చేరినా ఫెయిలే.

మీ దగ్గర జూన్ టెస్టు ఉంది కాబట్టి సగం పని అయిపోయింది. ఇలాంటి లక్ష్యాలు రాసేవాళ్లు ఎక్కువగా వాడే పద్ధతి ఒకటుంది: ఒక్కో పిల్లకి 100 కి ఎంత దూరం ఉందో చూసి, అందులో సగం దాటితే చాలనుకోవడం. 30 వచ్చిన పాప 65 కి రావాలి, 70 వచ్చినవాడు 85 కి. ఇక ఆ ఒలింపియాడ్ అబ్బాయికి ఈ లెక్క పనిచేయదు, పైన చోటే లేదు, ఒక్క సిల్లీ మిస్టేక్‌తో లక్ష్యం పోతుంది. 85 దాటినవాళ్లను విడిగా పెట్టి, పై స్థాయి ప్రశ్నలతో వేరే కొలత రాయండి.

దీనికంటే ముఖ్యమైనది, మార్కులు అని రాయకండి, ఏం రావాలో రాయండి. "హారాలు వేరైన భిన్నాలను కూడడం, తీసేయడం, ఋణ సంఖ్యలతో నాలుగు ప్రక్రియలు, వాటితో రెండు మెట్ల మాటల లెక్కలు" అని ఉంటే మార్చిలో ఎవరూ వాదించలేరు. మీరు చెప్పిన ఆ 3/7 పాప విషయంలో కూడా మార్కు కంటే ఆ తప్పు పోయిందా లేదా అన్నదే మీకు పనికొచ్చే కొలత. జూన్ పేపరూ ఫిబ్రవరి పేపరూ ఒకే కష్టంలో ఉండాలి, అంకెలు మార్చండి, ప్రశ్న రకం మార్చకండి. మా రోజుల్లో ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి బోర్డు మీద ఒక లెక్క వేసి వెనక బెంచీవాణ్ణి లేపేవారు, మొత్తం మూల్యాంకనం అదే!

బెంచీ లాస్ట్, మారతహళ్లి

సార్ చెప్పింది బాగుంది కానీ ఇంక్రిమెంట్‌తో ముడిపెట్టాక ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మొదటి టెస్టు కష్టంగా పెట్టి, టైం తక్కువిచ్చి, "రానిది వదిలేయండమ్మా" అంటారు. చివరి టెస్టుకి ముందు వారం అవే మోడల్ ప్రశ్నలు బోర్డు మీద. గ్రాఫ్ నిటారుగా పైకి!

ఎదుగుదల అంతా టీచర్ ఖాతాలో వేయడం ఇంకో తలనొప్పి. మా స్కూల్లో ఆరో తరగతికి హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలకు కన్నడ అక్షరం ముక్క రాదు, బేస్‌లైన్, అంటే మొదలయ్యే స్థాయి, సున్నా. లిపి తెలుగుకి దగ్గర కాబట్టి తెలుగు చదవడం వచ్చినవాళ్లు దసరా సెలవులయ్యేసరికి గడగడా చదివేస్తారు. అదే క్లాసులో లక్నో నుంచి వచ్చిన పిల్లాడు ఇంకా ఒత్తుల దగ్గరే ఉంటాడు. కన్నడ మిస్ ఒక్కరే, పాఠం ఒక్కటే. ఏ సెక్షన్‌లో తెలుగు పిల్లలు ఎక్కువ పడితే ఆ సెక్షన్‌లో ఆవిడ గొప్ప టీచర్ అన్నమాట.

అమెరికాలో ఈ ముచ్చట ఎప్పుడో అయిపోయింది. 2009 లో రేస్ టు ద టాప్ అని నిధులు ఆశ పెట్టి రాష్ట్రాల చేత టీచర్ మూల్యాంకనానికి పిల్లల టెస్టు స్కోర్లు ముడిపెట్టించారు. 2014 లో అక్కడి గణాంక నిపుణుల సంఘం అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషనే చెప్పింది, ఎక్కువ అధ్యయనాల్లో పిల్లల స్కోర్ల తేడాల్లో టీచర్ వాటా 1 నుంచి 14 శాతమేనని. 2015 లో కొత్త విద్యా చట్టం వచ్చాక అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ పట్టు వదిలేసింది. వాళ్లు వదిలేసింది మనవాళ్లు ఇప్పుడు కొత్తగా పట్టుకున్నారు.

సైన్స్ టీచర్, వైట్‌ఫీల్డ్

పూర్తిగా కొట్టిపారేయకండి అండీ. 2005 లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే దీన్ని పరీక్షించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం, క్షేత్రంలో నడిపింది ఇక్కడి అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్. సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగితే ఆపైన ఒక్కో శాతానికి టీచర్‌కి 500 రూపాయల బోనస్. రెండేళ్లకి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతా బడుల కంటే ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా. అంటే బట్టీ పెట్టించి లాక్కొచ్చిన మార్కులు కావు.

అయితే అక్కడ పరీక్ష పెట్టింది బయటివాళ్లు, టీచర్లు కాదు. పెరిగితే బోనస్, పెరగకపోతే జీతంలో కోత లేదు. మన స్కూళ్లలో పేపర్ తయారుచేసేదీ మనమే, దిద్దేదీ మనమే, దాని మీద మన జీతం. అందుకే మిస్, ఫిబ్రవరి పేపర్లు పక్క సెక్షన్ టీచర్ దిద్దాలని మీరే అడగండి, రేపు మీ అంకెలను ఎవరూ అనుమానించరు.

మా అక్క న్యూజెర్సీలో బడి టీచర్. అక్కడ 2012 చట్టం తర్వాత ప్రతి టీచరూ అక్టోబర్ 31 లోపు ఇలాంటి గ్రోత్ ఆబ్జెక్టివ్ రాసి ప్రిన్సిపల్‌తో ఒప్పించుకోవాల్సి వచ్చేది. లక్ష్యం కొట్టావా లేదా అని రెండే గడులు కాదు, నాలుగు మెట్లు ఉండేవి. మీరూ అలాగే రాయండి. 38 మందిలో 30 మంది తమ లక్ష్యం చేరితే పూర్తి, 34 దాటితే అంతకు మించి, 23 నుంచి 29 మంది అయితే పాక్షికం, అంతకంటే తగ్గితే చేరనట్టు, ఇలా. ఒకరిద్దరు జారినా మొత్తం పోదు.

లెక్కల మిస్, కేఆర్ పురం

అందరికీ థాంక్స్. ఇలా రాశాను, చూడండి: "జూన్ టెస్టులో 40 లోపు వచ్చిన 11 మంది, 40 నుంచి 85 మధ్య ఉన్న 22 మంది, ఆపైన ఐదుగురు. మొదటి రెండు గుంపుల్లో ప్రతి విద్యార్థీ 100 కి ఉన్న దూరంలో సగం దాటాలి, పై ఐదుగురికి విడి పేపర్‌లో 60 శాతం. కొలిచేవి భిన్నాలు, ఋణ సంఖ్యలు, మాటల లెక్కలు. పేపర్ పక్క సెక్షన్ టీచర్ దిద్దుతారు." దీని కింద సైన్స్ టీచర్ గారు చెప్పిన నాలుగు మెట్లు.

రిటైర్డ్ హెచ్ఎం, జయనగర్

బాగుంది. మూడు చోట్ల చెయ్యి పెట్టండి. మధ్యలో చేరినవాళ్లు, హాజరు 75 శాతం లోపు ఉన్నవాళ్లు లెక్కలోకి రారని ఇప్పుడే రాయండి. బెంగళూరులో డిసెంబర్‌కి క్లాసులో సగం ముఖాలు మారిపోతాయి, మార్చిలో చెప్తే సాకు అంటారు. కానీ చివరి టెస్టు రోజు రాని పిల్లను వదిలేయకూడదు, మరో రోజు రాయించాలి, లేదంటే బలహీనులకు ఆ రోజు జ్వరం వస్తుంది.

40 లోపు గుంపు గురించి, అడుగున ఉన్నవాళ్లలో కొందరు ఆ రోజు ఒంట్లో బాగోక తక్కువ తెచ్చుకుని ఉంటారు, వాళ్లు మీరేం చేయకపోయినా కొంత లేస్తారు. వీలైతే ఈ వారం చిన్న టెస్టు ఇంకొకటి పెట్టి రెండిటి సగటు తీసుకోండి. ఇంకోటి, అదే గుంపులో 20 తో ఉన్నవాళ్లకు సగం దూరం అంటే 60, అది మరీ ఎక్కువ. వాళ్లకు 50 పెట్టి, వెనకబడినవాళ్లకు విడిగా చెప్పడానికి మీకు వారానికి రెండు రెమిడియల్ పీరియడ్లు ఇస్తేనే అని షరతు రాయండి. పీరియడ్ ఇవ్వకుండా లక్ష్యం మాత్రం అడిగితే అది మీ గోల్ కాదు, వాళ్ల కోరిక.

బెంచీ లాస్ట్, మారతహళ్లి

ఆ షరతు మాత్రం మెయిల్‌లోనే పంపండి మిస్, కోఆర్డినేటర్‌కీ ప్రిన్సిపల్‌కీ ఇద్దరికీ. స్టాఫ్‌రూమ్‌లో "సరే చూద్దాం" అన్నది మార్చిలో ఎవరికీ గుర్తుండదు.