‘సువార్తకు వెళ్ళడం’: ఈ మాట గురించి కాస్త చెప్పండి

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
అందరికీ వందనాలు. మా వీధి చివర ఒక మామ్మగారున్నారు. ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి ఆరు నెలలుగా మంచం మీదే ఉన్నారు. పోయిన ఆదివారం గుడి అయ్యాక చూడ్డానికి వెళ్ళాను. దిండు కింద నుంచి కళ్ళజోడు తీసి, తుడిచిపెట్టమని నా చేతికిచ్చారు. తుడిచి ఇచ్చాక, “నాకు సువార్త చెప్పు నాయనా” అన్నారు.

నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. “మీకు తెలియనిదా మామ్మా? సండే స్కూల్లో మాకు నేర్పింది మీరే కదా” అన్నాను. “తెలిసిందే. మళ్ళీ చెప్పు” అన్నారు.

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. మా సంఘంలో ‘సువార్త’ ఎక్కడెక్కడ వాడతామో గుర్తు చేసుకున్నాను. శనివారం యూత్ వాళ్ళు సువార్తకు వెళ్తున్నారు, అంటే వీధుల్లో, ఇళ్ళ దగ్గర యేసు గురించిన మంచి కబురు చెప్పడానికి. సువార్త సభలు. సువార్త కరపత్రాలు. అన్నీ బయటివాళ్ళ కోసమే. లోపలున్నవాళ్ళకి ‘వాక్యం’ చెప్తాం, ‘వర్తమానం’ (ప్రసంగం) అందిస్తాం. వాళ్ళకి సువార్త చెప్పడం అనే మాటే వినపడదు.

వ్యాకరణం చూడండి. ‘సువార్తకు వెళ్ళడం’ అంటే ‘కోతకు వెళ్ళడం’, ‘కూలికి వెళ్ళడం’ లాంటిదే. మామూలుగా వార్త వస్తుంది, అందుతుంది, మనం వింటాం. వార్తకు వెళ్ళానని ఎవరూ అనరు. వినాల్సిన కబురు మన నోట్లో చేయాల్సిన పనిగా మారిపోయింది. ఇది భాషలో మార్పేనా, మన నమ్మకంలో కూడానా?

గుణదల, విజయవాడ నుంచి:
అన్నయ్యగారూ, మేము కతోలికులం. పూజలో ‘సువిశేషం’ అంటాం. మిగతా పఠనాలు కూర్చుని వింటాం, సువిశేష పఠనానికి మాత్రం అందరం లేచి నిలబడతాం. నుదుటి మీద, పెదవుల మీద, గుండె మీద బొటనవేలితో చిన్న సిలువ గుర్తు వేసుకుంటాం. తలలో, నోట్లో, మనసులో అది ఉండాలని. వినేది జ్ఞానస్నానం పొందినవాళ్ళమే. మీ మామ్మగారు అడిగింది నాకు వింతగా అనిపించలేదండీ.

అరండల్‌పేట, గుంటూరు నుంచి:
నేను క్రైస్తవుణ్ణి కాదు, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మాట వరకే చెప్తాను. గ్రీకులో ‘యువాంగెలియాన్’: ‘యు’ అంటే మంచి, మిగతాది కబురు. ‘సు’ ఉపసర్గ దానికి సరిగ్గా అతికింది. లూకా రెండో అధ్యాయంలో దేవదూత గొర్రెల కాపరులతో చెప్పినచోట మీ పాత తెలుగు బైబిల్లో ‘సువర్తమానము’ అని ఉంటుంది. వార్త, వర్తమానం రెండూ ఒక్క ధాతువు బిడ్డలే.

ఇంకొకటి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ‘వార్త’ అంటే సేద్యం, పశుపాలన, వ్యాపారం, అంటే బతుకుతెరువు. మీ బైబిల్లో ఆ అర్థం లేదు, బలవంతంగా తేవద్దు. కాకపోతే ఆ మాటలో ‘పని’ అనే అర్థం ఒకప్పుడు ఉండేదని తెలిస్తే మీకు నచ్చుతుందని రాశాను.

పటమట, విజయవాడ నుంచి:
బ్రదర్, ‘సువార్తకు వెళ్ళడం’ అనే మాటని తక్కువ చేయకండి. మా నాన్నగారు తాగుడు మానింది, ఇంటికి నెమ్మది వచ్చింది, ఎవరో ఎండలో నడిచి మా గుమ్మం ముందు నిలబడినందుకే. “ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?” అని బైబిల్లో, రోమా 10లో లేదా? యెషయా 52లో మెచ్చుకున్నది సువార్త మోసుకొచ్చేవాళ్ళ పాదాలనే. వార్త దానంతట అది నడవదు, మోసేవాడు వెళ్ళాలి.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
మీరన్నది నిజం బ్రదర్. నేను ఆ పాదాల్ని మర్చిపోయాను, క్షమించండి. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ మా గుంటూరు రాకపోతే మా తాతలు ఈ మాట వినేవాళ్ళే కాదు. వెళ్ళొద్దని కాదు నేననేది. వెళ్ళేవాడు కూడా విని వెళ్ళాలని. మేము లూథరన్లం. సువార్తను సరిగా బోధించి, సంస్కారాలను (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం) సరిగా ఇచ్చేచోట కూడిన విశ్వాసులే సంఘమని మా విశ్వాస ప్రకటన, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో ఉంది. సంఘానికి పునాదే అదైతే, దాన్ని శనివారానికి, వీధికి మాత్రమే వదిలేస్తే ఎలా?

మాస్టారూ, మీరు మాట చూపించారు కాబట్టి నేనూ ఒకటి చూపిస్తాను. 1 కొరింథీ 15 మొదట్లో అపొస్తలుడైన పౌలు అప్పటికే నమ్మిన సహోదరులకే రాస్తూ, “నేను మీకు ప్రకటించిన సువార్తను మీకు తెలియపరచుచున్నాను” అంటాడు. ‘ప్రకటించిన’ అయిపోయిన పని. ‘తెలియపరచుచున్నాను’ ఇప్పుడు జరుగుతున్నది. కబురు అదే, మనుషులూ వాళ్ళే. వెంటనే “దానియందే నిలిచియున్నారు” అంటాడు. రోమా 1:15లోనూ విశ్వాసులకే రాస్తూ ‘మీకును’ సువార్త ప్రకటిస్తానంటాడు. ఆ ‘ను’ని నేను ఇన్నేళ్ళూ చూడకుండా చదివాను.

మామ్మగారికి ఆ రోజు చదివింది కొరింథీలోని ఆ భాగమే. “సమాధిచేయబడెను” దగ్గర నా గొంతు పట్టేసి ఆగాను. తుడిచిచ్చిన కళ్ళజోడు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, పెట్టుకోలేదు. “మూడవదినమున లేపబడెను” అని మిగతాది ఆవిడే అందుకున్నారు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి మా యూత్ పిల్లలు ఇద్దరు వస్తామన్నారు.