గోల్కొండలో గైడ్ లేకుండా ట్రెజర్ హంట్: క్లూలు ఎలా పెట్టాలి?

రాళ్లగుట్ట: డిసెంబర్‌లో ఒక ఆదివారం గోల్కొండ కోటలో పిల్లలకు ట్రెజర్ హంట్ పెడుతున్నాం. 9–14 ఏళ్ల పిల్లలు పన్నెండు మంది, పెద్దలు నలుగురు, నాలుగు జట్లు. పది చీటీలు గోడ సందుల్లో దాచాలనుకుంటున్నాం. మెట్ల లెక్కతో నంబర్ తాళం తెరుచుకోవాలి, చప్పట్ల ప్రతిధ్వనితో ఒక క్లూ ఉండాలి, చివర్లో సొరంగం. ఎంతసేపు పడుతుంది? ఏం మార్చాలి?

బాలాహిస్సార్ బాట: ముందు ఆ దాచే సంగతి వదిలేయండి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. స్టిక్కర్, చాక్‌పీస్ గీత, టేపు ఏదీ గోడకు తగలకూడదు. గోడ సందులో చెయ్యి పెడితే తేలు ఉండదని హామీ ఏమీ లేదు. చీటీలకు నంబర్లు వేసి కవర్లలో పెట్టి జట్టు పెద్ద దగ్గరే ఉంచండి. పిల్లలు చూసి జవాబు చెబితేనే తర్వాతి కవర్ ఇవ్వాలి.

క్లూలకు లోటు లేదు. బాలాహిస్సార్ దర్వాజా దగ్గరే మూడు దొరుకుతాయి. పైన తోకలు విప్పిన నెమళ్లు, వాటి కింద రాతి దూలం మీద యాళులు (సింహంలాంటి ఊహామృగాలు). ‘రెండు మృగాల నడుమ గుండ్రంగా ఉన్నదేమిటి?’ అని అడగండి. తలెత్తి చూడనివాళ్లకు ఇది దొరకదు. రెండోది, దర్వాజాకు ఎదురుగా ఉన్న అడ్డుగోడ. తలుపుకు ముందే గోడ ఎందుకు? ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దే వీలు లేకుండా. మూడోది చప్పట్ల గుమ్మటం: దాని కింద కొట్టిన చప్పట్లు కొండపైన వినిపిస్తాయి.

పైకెళ్లే దారిలో అంబర్‌ఖానా దగ్గర పారశీక శాసనం ఉంది. అది అబ్దుల్లా కుతుబ్‌షా కాలంనాటిది, 1642. పిల్లలు చదవలేరు కాబట్టి ‘ఇక్కడ ఏం నిల్వ చేసేవారో గది ఆకారం చూసి చెప్పండి’ అంటే సరిపోతుంది. జవాబు ధాన్యం. గోడల్లో అక్కడక్కడా బయటపడ్డ మట్టి గొట్టాలు నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్లూ. ‘నీళ్లు కొండెక్కిందెలా?’ రాట్నాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎత్తుకుంటూ పోయి, అక్కడి నుంచి గొట్టాల్లో పంచేవారు. వెనకబడ్డ జట్టుకు గొట్టం కనిపించే చోటు చూపించేయండి, లేకపోతే అరగంట అక్కడే పోతుంది.

రామదాసు చెరసాలలో గోడ మీద రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మలు చెక్కి ఉన్నాయి. ‘తాసీల్దారు ఖజానా సొమ్ముతో ఏ ఊళ్లో గుడి కట్టించాడు?’ అన్న ప్రశ్న బాగుంటుంది. కానీ లోపల చీకటి, ఇరుకు. నాలుగు జట్లూ ఒకేసారి పోకుండా బయల్దేరేటప్పుడే పది నిమిషాల తేడా పెట్టండి.

మెట్లలెక్క: మెట్ల లెక్కతో తాళం పెట్టకండి, కచ్చితంగా గొడవ అవుతుంది. పైదాకా సుమారు 360 అంటారు. విరిగిన మెట్టు లెక్కా కాదా, నడుమ చదునుగా ఉన్నచోట ఒకటా రెండా అని ఒక్కో జట్టుకు ఒక్కో సంఖ్య వస్తుంది. తాళానికి అంకెలు పదిలోపు, ఒకేచోట నిలబడి లెక్కపెట్టగలిగేవి తీసుకోండి: ఒక ముఖంలోని కమానులు, ఒక మసీదు మీనార్లు. వారం ముందు మీరే వెళ్లి ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, రెండూ కలిసినవే వాడండి. మూడంకెల తాళం వేసిన టిఫిన్ డబ్బాను కొండ దిగువన పెద్దల్లో ఒకరి దగ్గర ఉంచండి. కోట లోపల నిధి పెట్టి వదిలేస్తే ఎవరో ఒకరు తీసుకెళ్తారు, లేదా సెక్యూరిటీవాళ్లు అనుమానపు సంచి అంటారు. ఒక అంకె తప్పితే ఏ క్లూ తప్పిందో తెలియదు కాబట్టి జవాబుల కాగితం పెద్దల దగ్గర తప్పనిసరి.

సమయం అంటే, ఊరికే ఎక్కడానికి 40 నిమిషాలు, క్లూలతో దిగేదాకా మూడు గంటలు వేసుకోండి. పది ఎక్కువ, ఏడు చాలు.

గుమ్మటం కింద: చప్పట్ల క్లూ పదింటి తర్వాత పనిచేయదు. వచ్చిన ప్రతివాడూ కొడుతూనే ఉంటాడు, పైన ఉన్నవాళ్లకు ఎవరిదో తెలియదు. ఉదయం 9కి తలుపు తీయగానే ఒక జట్టును కొండపైన ఉన్న బారాదరికి (దర్బారు మంటపానికి) పంపి, కింద గుమ్మటం సరిగ్గా నడుమ నిలబడి వరుస పెట్టి కొట్టించండి: మూడు, ఆగి, రెండు. పైవాళ్లు విన్న లెక్కే జవాబు. కొట్టేవాళ్లు గుమ్మటం నడుమ నుంచి పక్కకు జరిగితే, గాలి ఎదురుగా ఉంటే వినపడదు. వినపడకపోతే ఫోన్‌లో చెప్పేసుకుంటారు, అందుకే పైజట్టు ఫోన్ పెద్దలు పట్టుకోవాలి.

రాళ్లగుట్ట: ధన్యవాదాలండీ. మరి చార్మినార్ దాకా సొరంగం ఉందంటారు కదా, దాన్ని చివరి క్లూగా పెట్టొద్దా? వజ్రాల గని కూడా?

బాలాహిస్సార్ బాట: సొరంగం జనం చెప్పుకునే మాట. చీకటి గదుల్లో దారి వెతకమంటే పిల్లలు మూసిన చోట్లలోకి దూరతారు. వద్దు. వజ్రాల గని ఇక్కడ లేదు, గోల్కొండ వజ్రాల బజారు. కోహినూర్ పుట్టింది కృష్ణా ఒడ్డున కొల్లూరులో అంటారు. ‘ఇక్కడ తవ్వారా, అమ్మారా?’ అని ప్రశ్నగా పెట్టండి, పెద్దల్లోనూ సగం మంది తప్పు చెప్తారు. చివరి క్లూకు కథ కావాలంటే 1687 ఉంది. ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినా గోడ బద్దలుకాలేదు, లోపలివాళ్లే తలుపు తీశారు. ‘ఫతే దర్వాజా పేరులో గెలుపు ఎవరిది?’ అని అడగండి.

మెట్లలెక్క: డిసెంబర్ మంచిదే. ఆషాఢం బోనాల ఆదివారాలు, ఆగస్టు 15 ముందు రోజులు మాత్రం వద్దు. మనిషికి లీటరు నీళ్లు, రబ్బరు అడుగున్న బూట్లు. దిగేటప్పుడు రాణిమహల్ వైపు మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడ పందెం పెట్టకండి. తాళం డబ్బా దగ్గరికి చివరి వంద మీటర్లు నడిచే రావాలి, పరుగెత్తిన జట్టుకు మార్కులు కోత అని మొదటి కవర్‌లోనే రాసేయండి.