అప్‌డేట్: రికార్డింగ్ కంప్యూటర్‌కి ర్యామ్ వేశాను

ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునే కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, 16కి వెళ్లాలా 32కా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి డీడీఆర్4 రకం, 3200 స్పీడువి, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు తీసుకున్నాను, మొత్తం 32. పాతదాన్ని కూడా ఉంచేద్దామనిపించింది కానీ, వేరే స్పీడుది కలపొద్దని మీరు చెప్పారుగా, తీసేశాను.

మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది. టెన్షన్‌తో చెమటలు పట్టాయి! తీరా చూస్తే ఒక స్టిక్ సరిగ్గా కూర్చోలేదు. గట్టిగా నొక్కితే టక్‌మంది. టాస్క్ మేనేజర్‌లో స్పీడు 2133 అని చూపించింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాక 3200 వచ్చింది.

ఇప్పుడు వయొలిన్లు, వీణ, తబలా శాంపిళ్లన్నీ (ముందే రికార్డ్ చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాలు) ఒకేసారి లోడవుతున్నాయి. ఇదివరకు వయొలిన్లు ఎక్కించేసరికే ర్యామ్ చాలక డిస్క్ లైటు ఆగకుండా వెలిగేది. పాడేటప్పుడు వచ్చే చిటపట మాత్రం పోలేదు. అది ర్యామ్ వల్ల కాదు, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ఎంతో చెప్పే సెట్టింగ్) మరీ చిన్నగా ఉండటం వల్ల. దాన్ని 64 నుంచి 256కి పెంచితే చిటపట పోయింది. కాకపోతే హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించింది, అందుకని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) డైరెక్ట్ మానిటర్ వాడుతున్నాను, అది గొంతుని కంప్యూటర్ గుండా కాకుండా నేరుగా హెడ్‌ఫోన్లకి పంపుతుంది. పైసా ఖర్చు లేని ఈ బఫర్ మార్చే పని ముందే చేసి చూడాల్సింది.