గ్రంథాలయ సిబ్బంది వాట్సాప్, ఫేస్‌బుక్ నేర్చుకోవడం ఉద్యోగంలో భాగమేనా?

నల్లగొండ పాఠకుడు:
శాఖా గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాలు వచ్చినా ఊరికి తెలియడం లేదు. బోర్డు మీద సుద్దముక్కతో రాసింది గుమ్మం దాటదు కదా! వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ వాడటం సిబ్బంది అందరికీ నేర్పి, దాన్ని విధుల్లో చేర్చాలని నా వాదన. 2006లోనే అమెరికాలోని షార్లెట్ ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ ‘23 పనులు’ అనే శిక్షణ పెట్టారు. బ్లాగు తెరవడం, ఫొటోలు పెట్టడం, వికీలో రాయడం వంటివి ఎవరి వీలును బట్టి వారు నేర్చుకున్నారు. గడువులో పూర్తి చేసినవారికి ఎంపీ3 ప్లేయర్ ఇచ్చారు. ఆ తర్వాత ఎన్నో దేశాల గ్రంథాలయాలు అదే బాట పట్టాయి. నిజాం కాలంలో, 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టుకున్న ఊరు మనది. మనకు ఇదొక లెక్కా?

గ్రంథపాలకుడు, దేవరకొండ వైపు:
లెక్కేనన్నా. పొద్దున తాళం తీసేది నేను, పత్రికలకు కర్ర తొడిగేది నేను, సభ్యత్వ రసీదు రాసేది నేను. ఇప్పుడు వాట్సాప్ కూడానా? ఎవరి ఫోనులో? నా ఫోనులో, నా రీఛార్జితో! నంబరు ఒకసారి బయటికి వెళ్లిందంటే రాత్రి పదకొండింటికి కూడా “సార్, గ్రూప్-2 పుస్తకం ఉందా” అని అడుగుతారు. ఇంటి పన్నుతో కలిపి వసూలయ్యే గ్రంథాలయ సెస్సు మాకు సమయానికి జమ కాకపోతే పత్రికల బిల్లుకే తడుముకోవాలి. ఇంతకీ ఆ 23 పనుల్లో నేర్పిన, బ్లాగుల్లోని కొత్త రాతలన్నీ ఒకేచోట చూపే వెబ్‌సైటు బ్లాగ్‌లైన్స్ ఇప్పుడు ఎక్కడుంది? రేపు వాట్సాప్ పోతే మళ్లీ ఇంకో శిక్షణా?

పోటీ పరీక్షల అభ్యర్థిని, పాలమూరు:
మీరిద్దరూ వాట్సాప్ గ్రూపునే మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. చిక్కంతా అక్కడే. మేం చదువుకునేవాళ్లం ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో ప్రతి అమ్మాయి నంబరూ అందరికీ కనిపించింది. మర్నాటికే ముక్కూమొహం తెలియనివారి పలకరింపులు మొదలయ్యాయి. నేను బయటికి వచ్చేశాను. అదే వాట్సాప్ ఛానల్ అయితే, నడిపేవారు పెట్టింది మిగతావారు చదువుకుంటారు, చేరినవారి నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. వ్యాపారాలు, సంస్థల కోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్‌ను ల్యాండ్‌లైన్ నంబరుతోనూ నమోదు చేసుకోవచ్చు, నమోదు కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతారు. పని వేళలు పెట్టుకుంటే ఆ తర్వాత వచ్చే సందేశాలకు జవాబు దానంతటదే వెళ్తుంది, మీ నిద్ర చెడదు. సార్, ఈ తేడాలు నేర్పకుండా “రేపటి నుంచి నడపండి” అంటేనే ప్రమాదం. జడ్చర్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు మీ రీళ్లూ పండుగ శుభాకాంక్షలూ అక్కర్లేదు. ఈరోజు తెరిచారా, ఫలానా పుస్తకం ఉందా అన్నది తెలిస్తే చాలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ:
పిల్లల్ని ఫోను నుంచి తప్పించడానికే గ్రంథాలయానికి పంపుతున్నాం. అక్కడా అదేనా?

నల్లగొండ పాఠకుడు:
మాస్టారూ, గ్రంథాలయంలో కూర్చుని ఫోను చూడమని ఎవరూ అనడం లేదు. పాఠకుని సమయం ఆదా చేయమని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే తన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోదిగా చెప్పారు. తలుపు మూసి ఉంటే తిరిగి వెళ్లే మనిషికి రానూపోనూ ఛార్జీ ఎవరిస్తారు? ఇక బ్లాగ్‌లైన్స్ పోయిన మాట నిజమే. అయినా అది నేర్చుకున్నవారికి తర్వాతి పనిముట్టు పట్టుకోవడం కష్టమై ఉండదు.

గ్రంథపాలకుడు, దేవరకొండ వైపు:
ఛానల్ మాట బాగుంది చెల్లెమ్మా. మాకు ల్యాండ్‌లైన్ లేదు, అది వేరే సంగతి. ఇంకొకటి కూడా నేర్పాలి: ఏం పెట్టకూడదో. గైడు మొత్తం స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టమని రోజూ అడిగేవారున్నారు. కాపీరైటు చట్టం వచ్చింది 1957లో, కేసు పడితే నిలబడాల్సింది నేను. కాబట్టి శిక్షణ డ్యూటీ వేళల్లోనే ఉండాలి, ఫోనూ సిమ్మూ సంస్థే ఇవ్వాలి. ఆ రెండూ కాగితం మీద రాసి పంపితే వచ్చి నేర్చుకుంటాను. లేదంటే నా నంబరు ఎవరికీ ఇవ్వను.