పెళ్లి ఫోటోల లింకు గడువు ముగిసేలోపు వాటిని పూర్తిగా దించుకొని, భద్రపరచి, ప్రింట్లు వేయించుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా పెళ్లి ఫోటోలన్నింటినీ ఫోటోగ్రాఫర్ ఒక ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టి లింకు పంపించారు. వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ లింకు నెలాఖరు వరకే పనిచేస్తుందనీ, ఆ తర్వాత ఫైళ్లు తమ దగ్గర ఉంటాయన్న హామీ ఇవ్వలేమనీ అందులో స్పష్టంగా రాశారు. అన్నీ ఒకేసారి దించుకోబోతే ఒక్క ఫైలుగా కాకుండా అనేక జిప్ ఫైళ్లుగా వస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని తెరవబోతే ఫైలు పాడైందని కంప్యూటర్ చెబుతోంది. డౌన్‌లోడ్ చేసే చోట 'వెబ్ సైజు', 'ఒరిజినల్' అని రెండు ఎంపికలు కూడా ఉన్నాయి. వీటిలో ఏది తీసుకోవాలి, అన్ని ఫోటోలూ నిజంగా వచ్చాయని ఎలా తేల్చుకోవాలి అన్నది నా మొదటి సందేహం.

రెండవది భద్రత గురించి. నా ఫోన్‌లోని ఫోటోలన్నీ వాటంతట అవే క్లౌడ్‌లోకి వెళ్తుంటాయి. వీటిని కూడా ఫోన్‌లోకి ఎక్కిస్తే సరిపోతుందా, లేక హార్డ్ డిస్క్ తప్పనిసరా? మూడవది ప్రింట్ల గురించి. ఒక ఆల్బమ్, గోడకు తగిలించడానికి ఒక పెద్ద ఫోటో, పెద్దవాళ్లకు ఇవ్వడానికి కొన్ని చిన్న ప్రింట్లు వేయించాలనుకుంటున్నాం. తెరమీద కాంతిగా కనిపించే ఫోటోలు కాగితం మీద మసకగా వస్తాయని చాలామంది అంటున్నారు. దానికి కారణమేమిటో, ముందే ఏ జాగ్రత్త తీసుకోవాలో అనుభవజ్ఞులు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1

గడువు ఉన్నది డౌన్‌లోడ్‌కే కాబట్టి ముందు దాని సంగతి చూడండి. మిగిలినవి నిదానంగా చేసుకోవచ్చు.

తప్పకుండా 'ఒరిజినల్' అన్నదే ఎంచుకోండి. వెబ్ సైజు ఫైళ్లు తెరమీద చూసుకోవడానికీ, నలుగురికీ పంపడానికీ చిన్నవిగా చేసినవి. ఉదాహరణకు 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫోటో పూర్తి పరిమాణంలో 6000×4000 పిక్సెళ్లు ఉంటుంది. దాన్నే పొడవు వైపు 2048 పిక్సెళ్లకు కుదిస్తే ఫోన్‌లో ఏ తేడా తెలియదు గానీ, మంచి నాణ్యతతో ప్రింటు వేస్తే ఏడు అంగుళాల పొడవు కూడా రాదు. దించుకున్న తర్వాత ఏదైనా ఒక ఫోటో ప్రాపర్టీస్ తెరిచి పిక్సెళ్ల సంఖ్య చూడండి. ఎడిటింగ్‌లో కత్తిరించిన ఫోటోలు కొంత చిన్నవిగా ఉండవచ్చు గానీ, అన్నీ ఒకే చిన్న కొలతలో ఉంటే మీకు వచ్చింది ఒరిజినల్ కాదు.

జిప్ ఫైలు పాడైందని వస్తోందంటే సాధారణంగా డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిందని అర్థం. అన్నీ మళ్లీ దించనక్కరలేదు, ఆ ఒక్క భాగాన్ని చెరిపేసి తిరిగి తెచ్చుకోండి. ఈ పని ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చేయండి. అది మధ్యలో స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. డిస్కులో ఎంత ఖాళీ ఉందో కూడా ముందే చూసుకోండి. జేపెగ్ ఫోటోలు అప్పటికే కుదించినవి కాబట్టి జిప్ చేసినా వాటి పరిమాణం దాదాపు తగ్గదు. అంటే 12 జీబీ జిప్ ఫైళ్లను విప్పాలంటే, వాటికి అదనంగా మరో 12 జీబీ ఖాళీ కావాలి. పాత పెన్‌డ్రైవ్‌లోకి జిప్ ఎక్కడం లేదంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ పద్ధతిలో ఉండి ఉండవచ్చు, అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు.

ఇప్పుడు చాలామంది దృష్టికి రాని ఒక ప్రమాదం చెబుతాను. ప్రతి జిప్ ఫైలునూ దాని పేరుతో వేరే ఫోల్డర్‌లోకి విప్పండి, అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో కుమ్మరించకండి. కెమెరాలు ఫోటోలకు వరుస సంఖ్యలతో పేర్లు పెడతాయి, 9999 దాటగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పెళ్లిలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రెండు కెమెరాలతో పనిచేసి ఉంటే, పేర్లు మార్చకుండా పంపినప్పుడు, ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫోటోలు ఉండే అవకాశం ఉంది. వాటిని ఒకేచోట విప్పితే 'ఉన్నదాన్ని తొలగించి కొత్తది పెట్టాలా' అని కంప్యూటర్ అడుగుతుంది. తొందరలో సరేనంటే మొదటి ఫోటో శాశ్వతంగా పోతుంది, పోయినట్టు కూడా తెలియదు.

చివరగా లెక్క చూడండి. గ్యాలరీలో చూపిన ఫోటోల సంఖ్యా, మీ ఫోల్డర్లన్నింటిలో ఉన్న ఫైళ్ల మొత్తమూ సరిపోవాలి. ఫైళ్లను పరిమాణం వారీగా అమర్చి, అసహజంగా చిన్నవిగా ఉన్నవాటిని తెరిచి చూడండి. తర్వాత పెద్ద థంబ్‌నెయిల్స్ పెట్టుకొని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నిదానంగా కిందికి జరపండి. సగంలో ఆగిపోయిన జేపెగ్ ఫైలు వెంటనే కంటికి తగులుతుంది: పైభాగంలో ముఖాలు చక్కగా ఉంటాయి, ఒక అడ్డగీత దగ్గర నుంచి కిందంతా బూడిదరంగు పలక అవుతుంది. లింకు బతికి ఉన్నప్పుడు అలాంటివాటిని మళ్లీ తెచ్చుకోవడానికి నిమిషం చాలు. గడువు దాటితే ఎవరినీ అడగలేం. అన్నీ సరిపోయాక జిప్ ఫైళ్లను తొలగించి స్థలం మిగుల్చుకోవచ్చు.

సమాధానం 2

పై సమాధానంలోని చివరి వాక్యంతో తప్ప మిగతా అన్నింటితో ఏకీభవిస్తాను. జిప్ ఫైళ్లను తొలగించవద్దు. జిప్‌లోని ప్రతి ఫైలుకూ సీఆర్‌సీ అనే తనిఖీ సంఖ్య కూడా నమోదై ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాతైనా జిప్ సాఫ్ట్‌వేర్‌లో 'టెస్ట్' అన్నది నొక్కితే, లోపలి ఫోటోల్లో ఒక్క బిట్ మారినా అది చెప్పేస్తుంది. విడిగా ఉన్న జేపెగ్ ఫైలుకు ఆ సదుపాయం లేదు, అది చెడిపోయిందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవలసిందే. కాబట్టి కనీసం ఒక డిస్కులోనైనా జిప్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచండి.

మీ రెండవ ప్రశ్నకు నా సమాధానం: ఫోన్ నుంచి క్లౌడ్‌కు సింక్ కావడాన్ని బ్యాకప్‌గా లెక్కించకండి. సింక్ అంటే రెండుచోట్లా ఒకేలా ఉంచడం. అందువల్ల ఫోన్‌లో పొరపాటున చెరిపేస్తే కొద్ది రోజుల గడువు తర్వాత క్లౌడ్‌లోనూ ఉండదు. నాణ్యత విషయమూ ఉంది. గూగుల్ ఫోటోస్‌లో 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుంటే 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫోటోలను ఆ మేరకు కుదిస్తారు, కనుక 'ఒరిజినల్ క్వాలిటీ' పెట్టుకోండి. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించే ఫోటోలు ఏ నాణ్యతలో ఉన్నా ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తాయి. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాను అందులోని ఫైళ్లతో సహా తొలగించే అధికారం కూడా గూగుల్ తన నిబంధనల్లో ఉంచుకుంది. ఇది క్లౌడ్ వద్దనడానికి చెప్పడం లేదు, అదొక్కటే సరిపోదని చెబుతున్నాను.

పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే పద్ధతి కుటుంబాలకు కూడా చక్కగా సరిపోతుంది: మొత్తం మూడు ప్రతులు, అవి రెండు రకాల మాధ్యమాల్లో, వాటిలో ఒకటి ఇంటి బయట. మీ విషయంలో కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచవచ్చు. క్లౌడ్ ఇష్టం లేకపోతే రెండో హార్డ్ డిస్కును పుట్టింట్లోనో, అత్తవారింట్లోనో, నమ్మకమైన బంధువుల దగ్గరో ఉంచండి. రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే అగ్నిప్రమాదమైనా దొంగతనమైనా రెండింటినీ ఒకేసారి తీసుకుపోతుంది. పెన్‌డ్రైవ్‌ను చేరవేయడానికే వాడండి. అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉంటే అది క్రమంగా సడలిపోవచ్చు. హార్డ్ డిస్కునైనా ఏడాదికొకసారి కంప్యూటర్‌కు తగిలించి, జిప్ ఫైళ్లను టెస్ట్ చేసే అలవాటు పెట్టుకోండి. పెళ్లిరోజు నాడు చేస్తే మరచిపోరు.

ఒరిజినల్ ఫైళ్ల జోలికి మాత్రం ఎన్నడూ పోవద్దు. జేపెగ్‌ను తెరిచి మార్పు చేసి సేవ్ చేసిన ప్రతిసారీ మళ్లీ కుదింపు జరిగి కొంత వివరం నశిస్తుంది. మార్పులన్నీ వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్న నకళ్ల మీదే చేయండి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోగా కాక 'డాక్యుమెంట్'గా పంపితే ఫైలు కుదించుకుపోకుండా చేరుతుంది. ఖాతా పాస్‌వర్డ్ దంపతులిద్దరికీ తెలిసి ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఒకరికే తెలిసిన పాస్‌వర్డ్ వెనుక కుటుంబం ఫోటోలన్నీ చిక్కుకుపోవడం చాలా బాధాకరమైన పరిస్థితి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పాడైన జిప్‌ను మళ్లీ దించుకున్నాను, ఈసారి తెరుచుకుంది. వేర్వేరు ఫోల్డర్లలోకి విప్పమని చెప్పడం ఎంతో మేలు చేసింది. రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో ఉన్న ఫోటోలు నిజంగానే కనిపించాయి, ఒకదానిలో వధువు ముస్తాబు, మరొకదానిలో అతిథుల రాక. మొత్తం సంఖ్య గ్యాలరీతో సరిపోయింది. ఇక ప్రింట్ల గురించి కూడా ఎవరైనా వివరించగలరా? గోడకు 20×30 అంగుళాల ఫోటో పెట్టాలన్నది మా కోరిక.

సమాధానం 3

నేను ప్రింటింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

అంగుళానికి 300 పిక్సెళ్లు అన్నది చేతిలో పట్టుకొని చూసే ప్రింట్లకు వర్తించే లెక్క. 4×6 ప్రింటుకు 1200×1800, 8×12కు 2400×3600 పిక్సెళ్లు ఉంటే చాలు. మీ ఫైళ్లు 6000×4000 ఉన్నట్టయితే 20×30 ప్రింటులో అంగుళానికి 200 వస్తాయి. గోడమీది ఫోటోను నాలుగడుగుల దూరం నుంచి చూస్తాం కనుక అది నిశ్చింతగా సరిపోతుంది. కత్తిరించిన ఫోటోను మాత్రం అంత పెద్దదిగా వేయించే ముందు పిక్సెళ్లు లెక్కచూడండి.

పిక్సెళ్ల కన్నా ఎక్కువ మందిని బాధపెట్టేది పొడవు వెడల్పుల నిష్పత్తి. చాలా కెమెరాలు 3:2 నిష్పత్తిలో తీస్తాయి. 4×6, 8×12, 12×18, 20×30 అదే నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి ఏమీ తెగదు. 8×10 అలా కాదు. 12 అంగుళాల పొడవు రావలసిన చోట 10 అంగుళాలే ఉంటుంది కాబట్టి అటొక అంగుళం, ఇటొక అంగుళం పోతుంది. వరుసగా నిలబడి తీయించుకున్న కుటుంబం ఫోటోలో ఆ అంగుళంలోనే ఒక మనిషి ఉంటారు. చివర్లో కర్ర పట్టుకొని నిలబడ్డ నాయనమ్మ గారి భుజం, సగం ముఖం తెగిపోయిన ప్రింటును ఆవిడ చేతికే ఇవ్వవలసిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. అందుకే ఆర్డర్ పెట్టే ముందు, ఎక్కడ తెగుతుందో చూపే క్రాప్ ప్రివ్యూలో ప్రతి గ్రూపు ఫోటో అంచులూ చూడండి. 8×10 ఫ్రేము ఇప్పటికే ఉంటే, చుట్టూ తెల్ల అంచు వదిలి మొత్తం ఫోటో వచ్చేలా వేయమని అడగండి. ఆల్బమ్ పేజీలకూ ఇదే జాగ్రత్త కావాలి. పేజీ అంచులను కత్తిరించే యంత్రం కోసం కొన్ని మిల్లీమీటర్లు అదనంగా వదులుతారు, కాబట్టి ముఖాలు అంచుకు దగ్గరగానూ, రెండు పేజీలు కలిసే మడత మీదికీ రాకూడదు. డిజైన్ ఆమోదించే ముందు మీరు చూడవలసింది ముఖ్యంగా ఈ రెండు చోట్లే.

ప్రింటు మసకగా రావడానికి ప్రధాన కారణం తెర. తెర తన వెలుగును తానే వెదజల్లుతుంది. కాగితం మాత్రం గదిలోని వెలుగునే తిప్పి పంపగలదు. తెర కాంతిని పూర్తిగా పెంచుకొని చూసిన ఫోటో నిజానికి అంత కాంతిగా ఉండదు. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకొని, తెరమీది తెలుపు ఆ కాగితం తెలుపుకు దగ్గరయ్యే దాకా కాంతి తగ్గించి, అప్పుడు ఫోటో చూడండి. నైట్ మోడ్ వంటివి ఆపేయండి. రంగుల విషయంలో ఫైళ్లు ఎస్‌ఆర్‌జీబీలో (తెరలూ ల్యాబ్‌లూ మామూలుగా వాడే రంగుల పద్ధతి) ఉన్నాయా అని ఫోటోగ్రాఫర్‌ను అడగండి. అడోబ్ ఆర్‌జీబీ అనే మరో రంగుల పద్ధతిలో ఉన్న ఫైలును ఆ సంగతి గమనించని ల్యాబ్‌లో ఇస్తే రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. ఫోటోగ్రాఫర్ ఇప్పటికే సరిచేసిన ఫోటోలు కాబట్టి ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ వద్దని చెప్పండి. లేకపోతే దీపాల వెలుగులో తీసిన ఫోటోల వెచ్చని ఛాయను కూడా యంత్రం లోపంగా భావించి తీసేస్తుంది. ఎన్ని చెప్పినా, పెద్ద ఆర్డర్‌కు ముందు నాలుగైదు ఫోటోలను 4×6లో వేయించి పగటి వెలుతురులో చూసుకోవడమే అసలైన పరీక్ష. వాటిలో ఒకటి బాగా చీకటిగా ఉన్నదీ, ఒకటి తెల్లని దుస్తులు ఎక్కువగా ఉన్నదీ అయితే ల్యాబ్ పనితనం మొత్తం తెలుస్తుంది.

కాగితం సంగతికి వస్తే, చేతులు మారే చిన్న ప్రింట్లకూ ఆల్బమ్‌కూ వేలిముద్రలు కనిపించని మ్యాట్ (మెరుపు లేనిది) లేదా లస్టర్ (కొద్దిపాటి మెరుపున్నది) మేలు. గోడమీది ఫోటోకు ఎదురుగా కిటికీ ఉంటే బాగా మెరిసే గ్లాసీ వద్దు. ఎంత మంచి ప్రింటైనా నేరుగా ఎండ తగిలితే రంగు పోతుంది. ఫ్రేములో ఫోటో అద్దానికి ఆనకుండా మధ్య అట్ట ఉంచమనండి, చెమ్మ చేరితే అద్దానికి అంటుకుపోతుంది. విడి ప్రింట్లను పీవీసీ తొడుగులున్న ఆల్బమ్‌లలో, జిగురు పేజీల ఆల్బమ్‌లలో పెట్టవద్దు. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ తొడుగులు అడగండి. వెనుక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అక్షరాల గీతలు ముందువైపు ముఖాల మీద తేలతాయి. ఆరిపోయే సిరా ఉన్న, ఫోటోల కోసమే తయారైన మెత్తని పెన్నుతో అంచు దగ్గర రాయండి.

సమాధానం 4

ఒక్క విషయం చేర్చాలి. వృత్తి ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలకు కాపీరైట్ సమస్య వస్తుందని కొన్ని ల్యాబ్‌లు అనుమతి పత్రం లేనిదే ప్రింట్లు వేయవు. కాబట్టి వ్యక్తిగత అవసరాలకు ప్రింట్లు వేయించుకోవచ్చని రెండు వాక్యాల లేఖ మీ ఫోటోగ్రాఫర్ నుంచి ఇప్పుడే ఈమెయిల్‌లో తీసుకొని, ఫోటోల ఫోల్డర్‌లోనే దాచుకోండి. ఎస్‌ఆర్‌జీబీ సంగతి కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయవచ్చు. ఫైళ్లు వేరే రకంలో ఉన్నాయని తేలితే, గ్యాలరీ ఇంకా తెరిచే ఉంది కాబట్టి వాటిని మార్చి మళ్లీ పెట్టమని అడిగే వీలుంటుంది.