మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లకు వికీపీడియాలో విడి వ్యాసాలు అవసరమా?

ప్రశ్న: బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని, దాని కింది స్థాయి అయిన అమెరికన్ మైనర్ లీగ్ ఆటగాళ్లపై విడి వ్యాసాలు రాయడం సమంజసమేనా? 2021 పునర్వ్యవస్థీకరణ తర్వాత కూడా మేజర్ లీగ్‌కు అనుబంధంగా 120 జట్లున్నాయి కనుక ఈ సందేహం కలిగింది.

జవాబు 1: అందరికీ అక్కర్లేదు. పుట్టిన తేదీ, బ్యాటింగ్ సగటు తప్ప మరేమీ దొరకని ఆటగాడి గురించి రాసేది వ్యాసం అనిపించుకోదు. అటువంటివారికి మాతృజట్టు (వారి జట్టు అనుబంధంగా ఉన్న మేజర్ లీగ్ జట్టు) వర్ధమాన ఆటగాళ్ల జాబితాలో రెండు వాక్యాలు చాలు.

జవాబు 2: స్థాయి ఒక్కటే కొలమానమైతే స్టీవ్ డాల్కోవ్‌స్కీని ఏం చేద్దాం? మేజర్ లీగ్ గడప తొక్కకపోయినా, 1960లో స్టాక్‌టన్ జట్టు తరఫున 170 ఇన్నింగ్స్‌లో 262 మందిని స్ట్రయికవుట్ (మూడు స్ట్రయిక్‌లతో అవుట్) చేసి, సరిగ్గా 262 మందికే వాక్‌లు (గురితప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు దక్కే ఉచిత తొలి బేస్) సమర్పించుకున్న ఆ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) వేగం గురించి ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

జవాబు 3: మైకేల్ జోర్డాన్‌ను మాత్రం ఉదాహరణగా తేకండి, 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ అనే మైనర్ లీగ్ జట్టుకు ఆడినా ఆయన ఖ్యాతి బాస్కెట్‌బాల్‌ది. ఆడితే చాలన్న ప్రమాణాన్ని ఆంగ్ల వికీపీడియా 2022లోనే తొలగించింది కాబట్టి, జట్టుతో సంబంధంలేని పత్రికలు ఆ ఆటగాడి గురించి విపులంగా రాశాయా లేదా అన్నదే చూడాలి. మ్యాచ్ నివేదికలో పేరు కనిపించడం లెక్కలోకి రాదు.